ఆదివారం రాని కడుపునొప్పి

పిల్లాడు "అమ్మా, కడుపు నొప్పి" అనగానే మనం ఏం చేస్తామో మీకు నేను చెప్పక్కర్లేదు. అరచేతిలో వాము నలిపి, రెండు ఉప్పురాళ్ళు కలిపి నోట్లో పోస్తాం. తగ్గకపోతే జీలకర్ర కషాయం. అప్పటికీ తగ్గకపోతే ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేస్తాం. చివరికి ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో పడేస్తాం. (కట్టెల పొయ్యి లేక గ్యాస్ స్టవ్ మీదే మిరపకాయలు కాల్చి ఇంటిల్లిపాదినీ దగ్గించిన ఘనత నాది.) మా చిన్నాడికి ఇవన్నీ చేశాను. దసరా నుంచి సంక్రాంతి దాకా, మూడు నెలలు చేశాను.

మాది మొగల్తూరు. నరసాపురం పక్కన అంటే కొందరికి తెలుస్తుంది. కృష్ణంరాజుగారి ఊరు, చిరంజీవిగారు పుట్టిన ఊరు అంటే అందరికీ తెలుస్తుంది. మా చిన్నాడిని ఎనిమిది దాకా ఊళ్ళోనే చదివించాం. "టెన్తులో మార్కులు రావాలంటే ఇప్పట్నుంచే గట్టి స్కూల్లో వెయ్యాలండీ" అని నలుగురూ అంటే, తొమ్మిదిలో బస్సెక్కి వెళ్ళే ఒక ప్రైవేటు బడిలో చేర్చాం. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. రొయ్యల చెరువు మీద వచ్చిన డబ్బులో సగం ఫీజుకే పోయింది.

దసరా సెలవులయ్యాక మొదలైంది నొప్పి. పొద్దున్నే యూనిఫాం వేసుకుంటూ కడుపు పట్టుకుని కూర్చునేవాడు. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు నులిపురుగుల మాత్ర ఇచ్చారు. నరసాపురంలో స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. మా అత్తగారు "పిల్లాడికి బెంగ పట్టిందే" అన్నారు. నేను వినలేదు. ఆవిడ పాతకాలం మనిషి కదా అనుకున్నాను.

చివరికి భీమవరంలో ఒక పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పొట్ట నొక్కి చూసి, రిపోర్టులు తిరగేసి, నన్నొక ప్రశ్న అడిగారు. "అమ్మా, ఈ నొప్పి ఆదివారం వస్తుందా?"

నాకు నోట మాట రాలేదు. ఆదివారం ఎప్పుడూ రాలేదు! సంక్రాంతి సెలవుల్లో గారెలు పందెం వేసి తిన్నాడు, ఒక్కరోజు కడుపు పట్టుకోలేదు. కన్నతల్లిని, వండి పెట్టేదాన్ని, నాకు ఆ సంగతి తట్టలేదంటే నమ్ముతారా?

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అన్నారాయన. పావుగంట తర్వాత పిలిచారు. వాడిని చూసి, "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగారు. వాడు తల వంచుకుని "మీరే చెప్పండి" అన్నాడు.

సంగతేమిటంటే, దసరా ముందు బడిలో ఒక పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి పిల్లల్ని మూడు సెక్షన్లుగా విడగొట్టారు. మావాడు మూడో దాంట్లో పడ్డాడు. ప్రేయర్లో కూడా వాళ్ళు వెనకాలే నిలబడాలి. శనివారం పరీక్ష పెడతారు, సోమవారం పొద్దున్నే అందరి ముందూ మార్కులు చదువుతారు. తక్కువొచ్చినవాళ్ళు ఆ పీరియడంతా నించోవాలి. "మీ నాన్న డబ్బులు చెరువులో పోసినా చేపలు తినేవి" అని ఒక మాస్టారు అన్నారట.

ఇంతవరకూ వింటూ ఆ బడి మీద నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత చెప్పింది నా గురించి. సాయంత్రం ఇంటికి రాగానే నేను మంచినీళ్ళు ఇచ్చేలోపే "బావకి ఎన్నొచ్చాయో కనుక్కున్నావా?" అంటానట. మా ఆడపడుచు కొడుకూ అదే బడి, మొదటి సెక్షను. అంటాననే నాకు తెలీదు. కానీ అన్నాను. రోజూ అన్నాను.

తిరుగు బస్సులో "నాతో ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పాడు. "చెప్తే నువ్వు ఏడుస్తావ్. నాన్న ఫీజు సంగతి ఎత్తుతారు. ఇద్దరూ దెబ్బలాడుకుంటారు. కడుపునొప్పి అంటే ఎవరూ దెబ్బలాడుకోరు కదా."

నొప్పి అబద్ధం కాదండోయ్. వాడు నటించాడని మా బంధువుల్లో కొందరు అన్నారు. డాక్టరుగారు నాకు స్పష్టంగా చెప్పారు, ఆ నొప్పి నిజమైనదే. చిన్నపిల్లలకి మనసులో మాట బయటికి రానప్పుడు అది కడుపులోనో తలలోనో నిద్రలోనో కనిపిస్తుందట. మన పెద్దవాళ్ళు "బెంగ" అన్నది దీన్నే. ఆ మాటని మనం పల్లెటూరి మాట అని పక్కన పెట్టి, "స్ట్రెస్" అని కొత్తది నేర్చుకున్నాం. మాట మారిందే గానీ, మా అత్తగారు మూడు నెలల ముందే రోగం కనిపెట్టేశారు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకున్నాను. కాదు. పది నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జీవితంలో వచ్చే మానసిక రోగాల్లో సగం 14 ఏళ్ళలోపే మొదలవుతాయట. మన దేశంలో 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఇలాంటి సమస్య ఉందని తేలింది. అంటే నలభైమంది ఉన్న తరగతి గదిలో ముగ్గురు. మనింట్లో లేకపోతే పక్కింట్లో.

ఒక తండ్రి కోర్టుకెక్కితే

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ పరీక్షకి చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. బెంగాల్ నుంచి వచ్చిన పిల్ల. కూతురు ఎలా పోయిందో సరిగ్గా తేల్చమని ఆ తండ్రి హైకోర్టుకు వెళ్ళాడు, అక్కడ కాదంటే సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించడంతో ఊరుకోలేదు. ఇలాంటివి ఇంకెక్కడా జరక్కూడదని దేశంలోని బడులకీ కాలేజీలకీ కోచింగ్ సెంటర్లకీ హాస్టళ్ళకీ 15 సూచనలు ఇచ్చింది. సరైన చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాల్సినవే అంది. 2022లో దేశం మొత్తం మీద 13 వేలమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారనే లెక్క ఆ తీర్పులోనే ఉంది.

కోర్టు తీర్పులు మనకెందుకులే అనుకోకండి. ఇందులో వంటింట్లో గోడకి అంటించుకోవాల్సినవి ఉన్నాయి. వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్న బడి అయితే బయటి కౌన్సెలర్‌తో ఏర్పాటు చేసుకోవాలి. టీచర్లకీ మిగతా సిబ్బందికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, పిల్లల్లో బాధని ఎలా గుర్తుపట్టాలో, ఎలా మాట్లాడాలో. తల్లిదండ్రులకీ అలాంటి సమావేశాలు పెట్టాలి. సహాయానికి ఫోన్ చేసే నంబర్లు క్లాసు గదుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో రాయాలి. ఇక నా కళ్ళు చెమర్చిన సూచన ఒకటుంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకూ మానుకోవాలని. మా చిన్నాడు అప్పటికి ఆ బడి వదిలేశాడు. అయినా ఆ వార్త కట్ చేసి వాడికి చూపించాను. "ముందే చెప్తే బాగుండేది" అని నవ్వేశాడు.

నిజానికి ముందు కూడా చట్టం లేకపోలేదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ చదవండి. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమే. మా ఆయన ఆ బడికి వెళ్ళి అడిగినప్పుడు మాకు ఈ ముక్క తెలిసుంటే ఎంత బావుండేది! "మా దగ్గర అందరికీ ఇదే పద్ధతండీ, నచ్చకపోతే టీసీ తీసుకోండి" అన్నారు. ఏడాది ఆఖర్న తీసుకున్నాం. ప్రభుత్వ హైస్కూల్లో చేర్చాం. కట్టిన ఫీజు గోదాట్లో కలిసింది.

బీహార్లో ఒక పెట్టె

కౌన్సెలర్ అనగానే మనకి ఓ భయం. ఏ పట్నం నుంచి వస్తారు, ఎంత జీతం ఇవ్వాలి, మా ఊరి బడికి ఎవరొస్తారు అని. దానికి జవాబు బీహార్లో దొరికింది నాకు. మనకంటే పేద రాష్ట్రం కదా, అందుకే మీకు వివరంగా చెప్పాలనిపించింది.

నలందా జిల్లాలో 2015-16లో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్ళలో ఒక ప్రయోగం చేశారు. సంగత్ అని గోవాలో 1996లో మొదలైన సంస్థ ఒకటుంది, డాక్టర్ విక్రమ్ పటేల్ గారు దాన్ని స్థాపించినవారిలో ఒకరు. వాళ్ళు చేశారు. పేరు సెహెర్. కొన్ని బడుల్లో డాక్టరూ సైకాలజిస్టూ కాని మామూలు మనిషికి శిక్షణ ఇచ్చి, బడిలో కూర్చోబెట్టారు. అతని పని పిల్లల మాట వినడమే. కొన్ని బడుల్లో అదే శిక్షణ అక్కడి టీచరుకే ఇచ్చి, పాఠాలతో పాటు ఇదీ చెయ్యమన్నారు. మిగతా బడుల్లో ఈ రెండూ లేవు.

ఏడాది తిరిగేసరికి ఏం తేలిందంటే, ప్రత్యేకంగా మనిషిని పెట్టిన బడుల్లో పిల్లలకి దిగులు తగ్గింది, ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడం, కొట్టుకోవడం తగ్గింది, టీచర్లతో కూడా చనువు పెరిగింది. టీచర్లకే అప్పజెప్పిన బడుల్లో మాత్రం పెద్దగా తేడా రాలేదు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

టీచర్లు చెడ్డవాళ్ళనా? కాదమ్మా. మా అక్క టీచరే, దాని అవస్థ నేను చూస్తున్నాను. పాఠాలు, పేపర్లు దిద్దడం, మధ్యాహ్న భోజనం ఫొటోలు, యాప్‌లో హాజర్లు, ఎలక్షన్ డ్యూటీ. ఇవన్నీ అయ్యాక పిల్ల వచ్చి ఏడిస్తే వినే ఓపిక ఎక్కడిది? ఇంకోటి నాకు తోచింది చెబుతాను. మార్కులు వేసే చెయ్యే కన్నీళ్ళు తుడుస్తానంటే పిల్లకి నమ్మకం కుదరదు. మీ అత్తగారు ఎంత మంచివారైనా, పుట్టింటి బెంగ ఆవిడతో చెప్పుకున్నారా మీరు?

ఆ బడుల్లో ఒక చెక్క పెట్టె పెట్టారు, తపాలా పెట్టెలాంటిది. ఏ పిల్ల అయినా తన బాధో ఫిర్యాదో సలహానో చీటీ మీద రాసి అందులో వెయ్యొచ్చు. పేరు రాయక్కర్లేదు. ఒక గోడపత్రిక నడిపారు. పిల్లల్లోంచే కొంతమందిని గుంపుగా చేర్చి బడి బాగోగులు మాట్లాడించారు. మరీ ఇబ్బందిలో ఉన్న పిల్లతో ఒంటరిగా కూర్చుని మాట్లాడారు. అంతే. ఇందులో కోట్లు పోసి కొనేది ఏముంది చెప్పండి?

ఐరోపాలోనూ ఇలాంటిదే తేలింది. పది దేశాల్లో 168 బడుల్లో పదకొండు వేలమంది పిల్లల మీద చేసిన పరిశీలన 2015లో అదే లాన్సెట్‌లో వచ్చింది. నాలుగు వారాల్లో మొత్తం అయిదు గంటలు పిల్లలతోనే మనసు గురించి మాట్లాడించి, నాటకంలా వేయించారు. ఏడాది తర్వాత చూస్తే, ఆ పిల్లల్లో ఆత్మహత్యా ప్రయత్నాలు మిగతావాళ్ళలో కంటే సగమే. టీచర్లకి మాత్రమే శిక్షణ ఇచ్చినచోట అంత తేడా కనపడలేదు.

మన దేశంలోనూ ప్రభుత్వం 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడుల్లో ఆరోగ్య కార్యక్రమం మొదలెట్టింది. బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మగ ఒక ఆడ, శిక్షణ తీసుకుని పిల్లలకి వారానికి ఓ గంట చెప్పాలి. పదకొండు విషయాల్లో మనసు ఆరోగ్యం ఒకటి. మీ బడిలో ఆ ఇద్దరూ ఎవరో మీకు తెలుసా? నాకూ తెలీదు, అడిగేదాకా.

తల్లి మస్కట్‌లో, పిల్ల మామ్మ దగ్గర

మా గోదావరి జిల్లాల్లో గల్ఫ్ లేని ఊరు లేదు. కువైట్, మస్కట్, దుబాయ్. మగవాళ్ళు వెళ్ళడం అన్నిచోట్లా ఉంది. మావైపు ఆడవాళ్ళు కూడా ఇళ్ళల్లో పనికి వెళ్తారు, చంటిపిల్లల్ని తల్లి దగ్గరో అత్తగారి దగ్గరో వదిలి. ఆ డబ్బుతో ఇల్లు లేస్తుంది, అప్పు తీరుతుంది. పిల్ల ఎనిమిదో తరగతికొస్తుంది.

మా వీధిలో ఒక మామ్మగారి ఇంట అలాంటి మనవరాలే ఉంది. ప్రభుత్వ బడిలో చదువుతోంది. రాత్రి వీడియో కాల్లో తల్లితో నవ్వుతూనే మాట్లాడుతుంది. ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుంటుంది. మామ్మగారు ఓరోజు నాతో అన్నారు, "ఏం సెప్పనమ్మా, పిల్ల అన్నం ముట్టుకోటం లేదు. దానికి బాలేదంటే ఆళ్ళమ్మ అక్కడ ఏడుత్తాది. అందుకే సెప్పలేదు." పిల్లని అడిగితే, "అమ్మకి చెప్తే పని వదిలేసి వచ్చేస్తుంది, అప్పు తీరదు" అంది. అక్కడ ఆ తల్లి తన కష్టాలు చెప్పడం లేదు, పిల్ల బెంగపడుతుందని. మా చిన్నాడు బస్సులో అన్నమాట గుర్తొచ్చింది నాకు. ఇంట్లో ప్రతివాళ్ళూ ఎదుటివాళ్ళు ఏడుస్తారని నోరు కట్టుకుంటే, ఆ ఇంట్లో మాట ఎవరితో?

కనిపెట్టింది బడిలో ఒక టీచరమ్మ. మధ్యాహ్నం భోజనం దగ్గర. (ఇప్పుడు మన రాష్ట్రంలో ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టిన తల్లి. మన గోదావరి ఇల్లాలే.) వరసగా నాలుగు రోజులు ఈ పిల్ల గుడ్డు పక్కపిల్లకి ఇచ్చేయడం చూసిందావిడ. పిలిచి నిలదీయలేదు. "రేపట్నుంచి నువ్వు నాతోపాటు గుడ్లు పంచమ్మా" అంది. పంచుతూ పంచుతూ పదోరోజుకి పిల్ల నోరు విప్పింది. మొదటిసారి పెద్దమనిషి అయినప్పుడు తల్లి పక్కన లేదు, ఎవరినీ ఏమీ అడగలేకపోయింది. అక్కడ మొదలైంది దిగులు. టీచరమ్మ ఏ.ఎన్.ఎం. గారిని పిలిపించి మాట్లాడించింది. తల్లితో ఫోన్లో మాట్లాడి, వారానికోసారి పిల్లతో ఒంటరిగా, మామ్మ పక్కన లేకుండా మాట్లాడమంది. పిల్ల ఇప్పుడు పూర్తిగా బాగుందని నేననను. కానీ గుడ్డు తింటోంది.

చూశారా, ఇక్కడ మళ్ళీ టీచరే పనికొచ్చింది. బీహార్ లెక్కకి ఇది ఎదురు కాదా అంటారేమో. ఆవిడ మనసున్న మనిషి, అది మన అదృష్టం. అదృష్టం మీద అందరు పిల్లల్నీ వదిలెయ్యలేం కదా, అందుకే ప్రతి బడికీ ఇదే పనిగా ఒక మనిషి కావాలంటున్నాను.

మీటింగ్‌కి మంచి చీర కట్టుకెళ్ళి

2024 డిసెంబర్ 7న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటిలోనూ ఒకేరోజు తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు, మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని. 2025 జూలై 10న మళ్ళీ పెట్టారు. మీరూ వెళ్ళే ఉంటారు. ముగ్గుల పోటీలు పెట్టారు, మనం గెలిచాం, అందరం కలిసి భోంచేశాం. బావుంది. మరి ఏం అడిగాం? "మావాడు ఎలా చదువుతున్నాడండీ?" ఇది తప్ప ఇంకో ప్రశ్న అడిగిన తల్లి నాకు కనపడలేదు. మొదటిసారి నేనూ అంతే.

రెండోసారి నేను కాగితం మీద రాసుకెళ్ళాను. ఆరోగ్యం శిక్షణ తీసుకున్న ఆ ఇద్దరు టీచర్లు ఎవరు? పిల్ల వాళ్ళ దగ్గరికి వెళ్తే ఆ మాట ఇంకెవరికీ చెప్పకుండా ఉంటారా? హెల్ప్‌లైన్ నంబర్ గోడ మీద ఎక్కడ రాశారు? మావాడు ఎవరితో కూర్చుంటాడు, ఇంటర్వెల్లో ఒంటరిగా ఉంటాడా? చివరిది అడిగితే క్లాసు టీచరు ఒక్క క్షణం ఆగి, "నన్నెవరూ ఇది అడగలేదండీ" అన్నారు. ఆలోచించి చెప్పారు కూడా.

ఇంకో సంగతి. ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీ ఉంటుంది. చట్టప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళుండాలి. పేరు మనది రాసి మీటింగ్‌కి ఆయన వెళ్ళడం చాలాచోట్ల చూస్తాం. మీరే వెళ్ళండి. పప్పు కుక్కర్లో పడేసి వెళ్ళినా గంటలో వచ్చేయొచ్చు.

ఇంట్లో మాట ఎలా వస్తుంది?

ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది, చెప్పు" అంటే అది పోలీస్ స్టేషన్ అవుతుంది. నేను నేర్చుకున్నది చెబుతాను. చేతిలో పని ఉండాలి, చూపు పని మీద ఉండాలి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, రొయ్యలు వలుస్తూ, ఉతికిన బట్టలు మడతపెడుతూ పక్కన కూర్చోమంటే, మావాడు పదిహేను నిమిషాలకి దానంతట అదే మొదలెడతాడు. మా నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళకి ఈ కిటుకు తరాలుగా తెలుసు. అరుగు మీద నలుగురూ కూర్చుని, కళ్ళు దారం మీద పెట్టి, కడుపులో ఉన్నదంతా చెప్పేసుకుంటారు.

చెప్పడం మొదలెట్టాక మనం మధ్యలో దూరకూడదు. ఇదే కష్టం. "అదేంటిరా, దానికే ఏడుస్తారా" అనాలని నాలుక చివరి దాకా వస్తుంది. నేను అప్పుడు ఇంకో రెండు చిక్కుడుకాయలు తీసుకుంటాను.

కొన్ని మాత్రం చిక్కుడుకాయలతో తీరేవి కావు. రెండు వారాలకి పైగా నిద్రా తిండీ తప్పినా, ఇష్టమైనవాటి మీద కూడా ఇష్టం పోయినా, ఇష్టంగా దాచుకున్న వస్తువులు ఎవరికో పంచేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట నోట వచ్చినా ఊరుకోకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనకో భయం. అది నిజం కాదని డాక్టర్లు చెబుతున్నారు. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తే పిల్లకి బరువు దిగుతుంది. అవునంటే పిల్లని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న పెట్టిన ఫోన్ సేవ ఉంది. నంబర్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే చేసుకునే నంబర్ 1098. మా ఇంట్లో రెండూ క్యాలెండర్ మీద, గ్యాస్ నంబర్ పక్కన రాసి ఉన్నాయి.

"మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నలుగురూ ఏమంటారు, రేపు ఆడపిల్లకి పెళ్ళెలా" అని మీ మనసులో ఉంది కదూ? నాకూ ఉండేది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ వివరాలు రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టరుదే.

పరీక్ష ఫలితాల రోజు ఒక్క మాట. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ ప్రభుత్వం మళ్ళీ చూయిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. తెలుగులో సున్నా అని వచ్చిన ఒక అమ్మాయికి నిజంగా వచ్చింది 99. కాగితం మీద అంకె తప్పు కావచ్చు. ఒప్పే అయినా సప్లిమెంటరీ ఉంది. అందుకే ఆ రోజు పొద్దున మా పెద్దమ్మాయికి ఫలితాలు చూడకముందే టిఫిన్ పెట్టేశాను, పెసరట్టూ ఉప్మా. ఫోన్ చేసే చుట్టాలందరికీ సాయంత్రం చెబుతామని మా ఆయనే చెప్పారు. ఎన్నొచ్చాయో మీకు చెప్పను.

మీటింగ్ అయ్యాక మేం నలుగురు తల్లులం హెడ్మాస్టారుగారిని ఆ పెట్టె సంగతి అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, "పెట్టె పెడతానమ్మా, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?" అన్నారు. మంచి ప్రశ్నే. మా దగ్గర వద్దన్నాం, మేమూ తల్లులమే కదా. చివరికి గుడ్లు పంచే ఆ టీచరమ్మా, ఏ.ఎన్.ఎం. గారూ కలిసి శుక్రవారం శుక్రవారం తీసేట్టు ఒప్పుకున్నారు. పాత బీరువా చెక్కతో మా వడ్రంగి చేసి పెట్టాడు, కూలి తీసుకోలేదు.

మొదటి వారం మూడు చీటీలు వచ్చాయట. రెండు ఆడపిల్లల బాత్రూం తలుపుకి లోపల గడియ లేదని. మూడోదాంట్లో ఏముందో టీచరమ్మ చెప్పలేదు, మేమూ అడగలేదు. గడియ మాత్రం సోమవారమే వేయించారు.